నెలకు 2,690 ఈఎంఐ కట్టాలా, పాత స్కూటర్ కార్బురేటర్ బాగు చేయించాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 24,000. 2016లో కొన్న 110 సీసీ స్కూటర్ మీద నెలకు 900 కిలోమీటర్లు తిరుగుతాను. లీటరుకు 45 ఇచ్చే బండి ఇప్పుడు 30 ఇస్తోంది. పొద్దున చోక్ లేకుండా స్టార్ట్ కాదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. కార్బురేటర్ పోయింది, కొత్తది వేస్తే 3,500 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. షోరూం వాళ్లేమో పాతదానికి 18,000 కట్టి, 98,000 బండికి మిగతా 80,000 ఏడు శాతం వడ్డీకి ఫైనాన్స్ చేస్తామంటున్నారు. నెలకు 2,690 చొప్పున మూడేళ్లు. పెట్రోలు మిగులుతుంది కదా, తీసుకోమంటారా? బంగారం మీద 40,000 అప్పు కూడా ఉంది.

జవాబు: ఇప్పుడు తీసుకోవద్దు. లీటరు 108 రూపాయలనుకుని లెక్క వేద్దాం. 900 కిలోమీటర్లకు 30 మైలేజీతో 30 లీటర్లు, అంటే 3,240 రూపాయలు. 45 వస్తే 20 లీటర్లు, 2,160. బండి పాడైనందుకు నెలనెలా మీకు 1,080 రూపాయలు వృథా అవుతున్నాయి. కొత్త బండి 50 ఇస్తుందనుకున్నా పెట్రోలు ఖర్చు 1,944. షోరూంలో మీకు 30కీ 50కీ తేడా చూపించి ఉంటారు. పోల్చాల్సింది అలా కాదు, బాగు చేయించిన మీ బండితో కొత్త బండిని. అప్పుడు మిగిలేది నెలకు 216 రూపాయలు. దానికోసం 2,690 కట్టమంటున్నారు.

ఆ ఏడు శాతం సంగతీ చూడండి. 80,000 మీద మూడేళ్లకు 16,800 వడ్డీ వేసి, మొత్తాన్ని 36తో భాగిస్తే వచ్చిందే ఆ 2,690. అంటే అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా 80,000 మీదే పడుతుంది, దీన్నే 'ఫ్లాట్' వడ్డీ అంటారు. బ్యాంకు లోన్ల పద్ధతిలో, తగ్గే అసలు మీద లెక్కిస్తే ఇది దాదాపు 12.8 శాతం. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. 'ఫ్లాట్' అన్న మాట వినిపిస్తే రేటు అడగడం మానేసి, మొత్తం ఎంత కట్టాలో అడగండి.

ఇక మెకానిక్ చెప్పిన 3,500. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు పంపే భాగమే కార్బురేటర్, దాన్ని మొత్తం మార్చాల్సిన అవసరం చాలా అరుదు. బాడీ పగిలినా, లోపల స్లైడ్ అనే భాగం పైకీ కిందికీ కదిలే చోట అరిగిపోయినా మార్చాలి. మిగతావన్నీ శుభ్రం చేస్తేనో, చిన్న రబ్బరు భాగం వేస్తేనో సరిపోతాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మన యాక్టివా, జూపిటర్, యాక్సెస్ లాంటివి దాదాపు అన్నీ కార్బురేటర్ బళ్లే కాబట్టి, పని తెలిసిన మెకానిక్‌లకూ విడిభాగాలకూ కొదవ లేదు. ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి తర్వాత అన్న వరుసలో వెళ్లండి.

మొదట మైలేజీ సరిగ్గా కొలవండి. మీటరులో ముల్లు చూసి చెప్పే అంకె నమ్మకండి. బంకులో గన్ దానంతటది ఆగేదాకా ఫుల్ ట్యాంక్ చేయించి, రీడింగ్ రాసుకోండి. కనీసం 150 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి.

టైర్లలో గాలి చూడండి. యాక్టివాకైతే ముందు 22, వెనక 29 పీఎస్ఐ, వెనక మనిషి ఉంటే 36. మీ బండికి ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పండి. బరువుగా తిరుగుతూ రాపిడి చప్పుడు వస్తే బ్రేక్ పట్టేస్తోందన్నమాట. అడ్జస్టింగ్ నట్ కాస్త వదులు చేస్తే చాలు, డబ్బేమీ అక్కర్లేదు. చోక్ లివర్ పూర్తిగా వెనక్కి వెళుతోందా? కేబుల్ తుప్పు పట్టి సగంలో ఆగిపోతే, రోజంతా చోక్ మీదే నడుస్తున్నట్టు లెక్క, ఇక మైలేజీ ఎక్కడిది?

తర్వాత ప్లగ్, ఎయిర్ ఫిల్టర్. పది కిలోమీటర్లు నడిపి, చల్లారాక ప్లగ్ విప్పించి మొన చూడండి. ఇటుక రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉంది. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోంది. తెల్లగా ఉంటే తక్కువ వెళుతోంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ మండుతోంది, అది కార్బురేటర్ జబ్బు కాదు, ఇంజిన్ జబ్బు. ఈ బళ్లకు ప్లగ్ గ్యాప్ సాధారణంగా 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు. ఫిల్టర్ జిడ్డు కాగితం రకమైతే గాలి కొట్టించడం, పెట్రోలుతో కడగడం చేయకూడదు, మార్చడమే. మూసుకుపోయిన ఫిల్టర్‌తో గాలి తగ్గి, పెట్రోలు వాటా పెరుగుతుంది. రెండూ కొత్తవి వేసినా 500 దాటదు.

ఒక చిట్కా: పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ తీసుకోవాలి. ఆ కాగితంలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) శాతం చూడండి. పాత కాగితంతో పోలిస్తే బాగా పెరిగి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టే. అది బండి ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతూ ఉండగా తీసిన రీడింగ్ మాత్రమే అని గుర్తుంచుకోండి.

చాలామంది మెకానిక్‌లు చూడకుండా వదిలేసేది వాక్యూమ్ పెట్రోల్ కాక్, అంటే ట్యాంకు నుంచి పెట్రోలును వదిలే, ఆపే కుళాయి. దీనికి రెండు గొట్టాలుంటాయి. ఒకటి కార్బురేటర్‌కు పెట్రోలు తీసుకెళుతుంది. రెండోది ఇంజిన్ పీల్పుతో కాక్‌ను తెరుస్తుంది, అందులో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. దాన్ని ఊడదీసి చూడండి. లోపల పెట్రోలు తడి ఉంటే కాక్‌లోని పల్చటి రబ్బరు పొర చిరిగి, పెట్రోలు కార్బురేటర్‌తో పని లేకుండా నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది. లోపం ఇదే అయితే 3,500 పెట్టి కొత్త కార్బురేటర్ వేయించినా మైలేజీ పైసా పెరగదు.

మీ లక్షణాలకు వద్దాం. బండి వేడెక్కాక స్టార్ట్ కాకపోతే సాధారణంగా పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం. మీది పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, చోక్ వేస్తే కదులుతోంది, ఐడ్లింగ్‌లో ఆగిపోతోంది. ఇది ఎక్కువగా పైలట్ జెట్, అంటే ఐడ్లింగ్‌లో పెట్రోలు అందించే సన్న రంధ్రం, మూసుకుపోయినప్పటి తీరు. బండి ఆగిపోకుండా ఐడ్లింగ్ వేగం మార్చే స్లో స్క్రూ పెంచి, చోక్ సగం వేసి నడుపుతుంటే మైలేజీ పడిపోవడం ఖాయం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. వేసవి సెలవుల్లో బండి నెలన్నర కదలకుండా ఉంటే కార్బురేటర్ అడుగునుండే గిన్నె (బౌల్)లో మిగిలిన పెట్రోలు ఆవిరై, అడుగున జిగురులాంటి మడ్డి మిగులుతుంది. వెంట్రుక మందం రంధ్రం మూసుకుపోవడానికి అది చాలు.

మెకానిక్‌తో ఇలా చేయించండి, పక్కనే నిలబడండి. కార్బురేటర్ విప్పే ముందు అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదిలి, బౌల్‌లోని పెట్రోలును గాజు గ్లాసులోకి పట్టించండి. అడుగున నీటి బొట్లు, చెత్త కనిపిస్తే సగం రోగం దొరికినట్టే. ఐడ్లింగ్‌లో గాలి-పెట్రోలు మిశ్రమాన్ని సరిచేసే పైలట్ స్క్రూ విప్పేముందు దాన్ని మెత్తగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోమనండి. గట్టిగా బిగిస్తే మొన దెబ్బతింటుంది. డయాఫ్రమ్ (స్లైడ్‌ను కదిపే పల్చటి రబ్బరు పొర), ఓ-రింగులు తీసేశాకే క్లీనర్ స్ప్రే కొట్టాలి, లేకపోతే రబ్బరు ఉబ్బిపోతుంది. జెట్లను స్ప్రేతో, కంప్రెసర్ గాలితో మాత్రమే శుభ్రం చేయాలి. ఈ జెట్లు ఇత్తడివి. సూదో, వైరో పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై, కొత్త జెట్ వేసేదాకా ఆ బండి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. డయాఫ్రమ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి సన్న చిల్లులున్నాయేమో చూడాలి. చిరిగితే పికప్ ఉండదు. బౌల్ నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ మొన మీద గాడి పడితే అదొక్కటీ మార్చాలి, దాని వల్లే పెట్రోలు పొర్లుతుంది. శుభ్రం చేయడానికి కూలీ 300 నుంచి 500, రబ్బరు సామాను, గొట్టాలు కలిపితే 1,000 లోపే కావాలి. ఈ పని ఆరుబయటే జరగాలి, సైలెన్సర్ చల్లారాలి, దగ్గర్లో సిగరెట్ ఉండకూడదు.

ట్యూనింగ్ బండి వేడెక్కాకే, అంటే పది నిమిషాలు నడిపాక. పైలట్ స్క్రూ పాత చుట్ల దగ్గరే పెట్టి, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ అన్నిటికంటే చురుగ్గా తిరిగే చోట ఆపాలి. తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గించాలి. ఈ స్కూటర్లకు ఐడ్లింగ్ 1,700 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. మీటరు లేకపోతే గుర్తు ఒకటే: స్టాండ్ మీద ఇంజిన్ ఆగకూడదు, వెనక చక్రం జోరుగా తిరగకూడదు. "మైలేజీ కోసం టైట్ చేశా మేడమ్" అంటే ఒప్పుకోకండి. ఆ స్క్రూ ప్రభావం ఐడ్లింగ్‌లో, యాక్సిలరేటర్ మొదటి పావు వంతులో మాత్రమే. 40 స్పీడులో వెళ్లేటప్పుడు పనిచేసేవి స్లైడ్‌కుండే నీడిల్, మెయిన్ జెట్. అతిగా బిగిస్తే మిగిలేది వేడెక్కే ఇంజిన్, యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో టప్‌టప్, కొన్నాళ్లకు కాలిన వాల్వ్.

ఇదంతా చేయించాక రెండు ట్యాంకుల లెక్క తీయండి. 40 దాటితే అక్కడితో ఆపేయండి. దాటకపోతే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గరి సందు), ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి అందించే సీవీటీ బెల్టు, రోలర్లు చూపించండి. మొత్తం రిపేరుకు నా హద్దు 6,500. ఎందుకంటే నెలకు 1,080 మిగిలితే ఆ డబ్బు ఆరు నెలల్లో తిరిగొస్తుంది. నీలం పొగ వస్తూ, బోరు (ఇంజిన్ సిలిండర్) పని చేయాలంటూ అంతకు మించి చెబితే అప్పుడు అమ్మే సంగతి ఆలోచించండి. అప్పుడైనా ఎక్స్ఛేంజ్ లేకుండా కొత్త బండి ధర ఎంతో విడిగా అడగండి, మీ బండిని బయట ఇద్దరికి చూపించండి. బండి కొని 15 ఏళ్లయ్యేది 2031లో, అప్పటిదాకా రిజిస్ట్రేషన్ చెల్లుతుంది కాబట్టి తొందరేమీ లేదు.

ఈఎంఐకి సిద్ధపడ్డ డబ్బులో నెలకు 2,000 బంగారం లోనుకు కట్టండి. దాని వడ్డీ పది శాతమైతే 22 నెలల్లో తీరిపోతుంది. ఆ తర్వాత అదే 2,000 ఆర్‌డీలో వేస్తూ వెళితే, 2031లో కొత్త బండికి లోను తీసుకున్నా చిన్నదే సరిపోతుంది.