తోటికోడలు ఫోను ఎందుకు ఎత్తడం లేదు?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నేనూ మావారూ ఉద్యోగస్తులం. మామగారు పోయాక ఆయన కట్టించిన ఇల్లు అమ్మగా వచ్చిన మా భాగానికి బ్యాంకు అప్పు కలిపి, సంగీత సభలూ గ్రంథాలయమూ చిత్ర ప్రదర్శనశాలా ఉన్న మంచి పేరున్న ప్రాంతంలో, ఒక ఖరీదైన అపార్టుమెంటులోని 19వ అంతస్తులో ఫ్లాటు కొన్నాం. ఇక్కడి ఆడవాళ్ల చదువు, కళాభిరుచి చూసి నేను చిన్నబోతున్నాను. ఒకావిడ లిఫ్టులో ‘మీరు పాడతారా?’ అని అడిగితే ఎగతాళి అనిపించింది. సెక్యూరిటీ వాళ్లు మా అత్తగారిని, తోటికోడలిని గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబెట్టారు; అప్పటి నుంచి తోటికోడలు నా ఫోను ఎత్తదు. ఈ ఫ్లాటు అద్దెకిచ్చి మామూలు చోటికి వెళ్లిపోదామంటే మావారు ఒప్పుకోవడం లేదు. ఆయనను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించనక్కర లేదు. మీరు ఏ వీధికి మారినా ఈ ఇబ్బంది సామానుతో పాటే వస్తుంది కనుక ఆ ప్రశ్నను ఇక్కడితో వదిలేద్దాం. ‘మీరు పాడతారా?’ అన్నది ఎగతాళి కాదు, కొత్తగా వచ్చినవారితో మాట కలపడానికి పొరుగావిడ వేసిన మామూలు ప్రశ్న. పాడనని, వింటానని చెబితే సరిపోయేది. సభలకు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్నారు, వెళ్లి వెనక వరుసలో కూర్చుని వినండి. రాగం పేరు తెలియనివారికి కూడా పాట వినిపిస్తుంది. ఇంతకు మించి పొరుగువారి గురించి నేను చెప్పవలసింది లేదు.

పైన మీ ఉత్తరాన్ని కుదించి ఇచ్చాం గాని, మీరు నాలుగు పేజీలు రాశారు. వాటిలో మూడు పేజీలు పొరుగింటివారి మాటతీరుకు, వారి గోడల మీది చిత్రాలకు సరిపోయాయి. అత్తగారు వచ్చిన రోజు గురించి మాత్రం ఆరు వాక్యాలే ఉన్నాయి, అవి కూడా సెక్యూరిటీ వారి మీద ఫిర్యాదుగా ఉన్నాయి. నేను ఆ ఆరు వాక్యాలనే మళ్లీ మళ్లీ చదివాను.

ఆ సాయంత్రం మీ హాల్లో పుస్తక చర్చ జరుగుతోంది. గేటు దగ్గర కాపలా మనిషి నియమం ప్రకారం ఇంటర్‌కామ్ మోగించాడు, ఎవరూ ఎత్తకపోతే వచ్చినవారి ఫోటో తీసి, అనుమతి బటను నొక్కడానికి మీ ఫోనుకు పంపాడు. ‘ఫోటో చూశాను గాని వెంటనే నొక్కలేకపోయాను’ అని మీరే రాశారు. ఇంటివారి అనుమతి లేనిదే ఎవరినీ పైకి పంపకూడదన్నది మీ సంఘం పెట్టిన నిబంధన. అతను దానిని పాటించాడు. ఆపింది అతను కాదు. తరువాతైనా మీరు దిగి రాలేదు, పనిమనిషిని పంపారు. ఆమె తనకు అలవాటైన సామాన్ల లిఫ్టులో వాళ్లిద్దరినీ తీసుకువచ్చి, వంటింటి వైపు తలుపు గుండా లోపలికి చేర్చి, వెనక గదిలో కూర్చోబెట్టింది. చర్చ ముగిసి అతిథులు లేచేసరికి వాళ్లు వెళ్లిపోయారు. పంతొమ్మిది అంతస్తులు దిగడానికి లిఫ్టుకు నిమిషం పట్టదమ్మా. హాల్లో ఉన్నవారితో ‘మా అత్తగారు వచ్చారు, ఇప్పుడే వస్తాను’ అని లేచి ఉంటే ఆ పదిమందిలో ఒక్కరు కూడా మిమ్మల్ని తక్కువగా చూసేవారు కారు. చూసేవారైతే వారి సంస్కారం గురించి మీరు బెంగ పెట్టుకోవలసిన పనే లేదు.

అత్తగారు ఏమీ అనలేదని, ఫోనులో మామూలుగానే మాట్లాడుతున్నారని రాసి, దానితో ఊరట పొందినట్టున్నారు. ఆ తరం పెద్దవాళ్లు కొడుకు కాపురంలో మాట రాకూడదని చాలా మింగుతారు. మింగనిది మీ తోటికోడలు. ఆవిడ ఫోను ఎత్తకపోవడాన్ని మీరు అసూయ అంటున్నారు. అది అసూయ అయితే ఫ్లాటు కొన్ననాడే మాట్లాడడం మానేసేది. ఏడాది పాటు మాట్లాడి, ఆ సాయంత్రం తరువాత మానేసిన మనిషిది అసూయ ఎలా అవుతుంది? మీరు చిన్నబోతున్నది లిఫ్టులో కనిపించే ఆడవాళ్ల ముందు కాదని, ఈ ఒక్క మనిషి ముందేనని నా నమ్మకం. మీరు చేసింది ఆవిడ కళ్లారా చూసింది.

ఇంటి డబ్బు మాట కూడా తప్పించుకోలేం. మీ అపార్టుమెంటులో మీ తలుపు లోపలి గదులు మీవి. స్థలం, మెట్లు, లిఫ్టు, జనరేటరు అందరివీ, వాటిలో మీకున్నది విడదీయని వాటా. నెలనెలా చదరపు అడుగుల లెక్కన మెయింటెనెన్సు కడుతున్నారు. కింది అంతస్తులో ఉన్నాయన తాను లిఫ్టు ఎక్కనని చెప్పి డబ్బు ఎగ్గొడితే మీ సంఘం ఊరుకోదు, మీరూ ఊరుకోరు. మామగారి ఇంటి విషయంలో మాత్రం మీరు వాటా చేతికి తీసుకుని మెయింటెనెన్సు మొత్తం తోటికోడలికి వదిలేశారు. మీ మరిది తన భాగం అప్పులకు కట్టుకుని రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాడు, సంతకం పెట్టమన్న చోట పెట్టిన తల్లి ఆ రెండు గదుల్లోనే ఉంది. రాత్రి ఆవిడకు ఆయాసం వస్తే లేచేది, ఆసుపత్రి వరుసలో నిలబడేది, మాత్రలు అయిపోకముందే గుర్తుపెట్టుకుని తెచ్చేది ఎవరు? మీ ఫ్లాటులో మూడో పడకగది అతిథుల కోసం ఉంచారు. దాని పరదాల రంగు ఎంచుకోవడానికి నెల పట్టిందని కూడా మీ ఉత్తరంలోనే ఉంది.

కన్నతల్లి ఆయనకు గదా, నన్నొక్కదాన్నే అంటారేమిటి అని మీరు అడగవచ్చు. న్యాయమైన మాటే. మొదటి బాధ్యత మీవారిదే, ఆయన ఉత్తరం రాసి ఉంటే ఇంతకంటే గట్టిగానే చెప్పేదాన్ని. కాని ఆ సాయంత్రం ఫోటో వచ్చింది మీ ఫోనుకు. తోటికోడలి దగ్గరికి మీవారిని పంపితే అది అన్నదమ్ముల పంచాయితీ అయి కూర్చుంటుంది. ఈ పని మీరే చేయాలి.

ఒక్కరే వెళ్లండి. కానుకలు పట్టుకువెళ్లవద్దు, ఆ రోజు అతిథులు ఉన్నారన్న వివరణ మొదలుపెట్టవద్దు; ‘ఫోటో చూసి కూడా నేను దిగి రాలేదు, అది నా తప్పు’ అని ఆవిడ ముందు, అత్తగారు వింటుండగా చెప్పండి. ఆవిడ ముఖం తిప్పుకున్నా కూర్చోండి. తరువాత అత్తగారి మందులకు, వైద్యానికి నెలకు ఎంత అవుతున్నదో అడిగి తెలుసుకుని, అందులో మీ భాగం ప్రతి నెలా నేరుగా తోటికోడలి ఖాతాకు పంపండి. అది సాయం కాదు, మీరు ఇంతవరకు కట్టని బాకీ; ఆ పేరుతోనే పంపండి.

అత్తగారిని వెంటనే ఫ్లాటుకు తీసుకురావాలన్న ఉత్సాహం కలిగితే కొంచెం ఆగండి. పొద్దున మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోతే, వీధిలో మనిషి అలికిడి కూడా వినపడనంత ఎత్తులో, కిటికీ అద్దాల వెనక ఆవిడ ఒంటరిగా కూర్చోవలసి వస్తుంది. రెండు గదులే అయినా వాకిట్లో పలకరింపులు ఉన్న ఇల్లే ఆవిడకు నచ్చవచ్చు. ఎక్కడ ఉంటారో ఆవిడనే అడగండి, కొడుకులు నిర్ణయించి చెప్పడం కాదు. వస్తానంటే సంఘం పుస్తకంలో అతిథిగా కాక ఇంటి మనిషిగా పేరు రాయించి, లిఫ్టు కార్డు ఆవిడ పేరున తీయించి చేతికివ్వండి. ఎవరి అనుమతీ అడగకుండా ముందు వైపు లిఫ్టులో ఎక్కి దిగే హక్కు ఆవిడకు ఉండాలి. రానంటే ఆ గదిని తోటికోడలి పిల్లలు సెలవులకు వచ్చి ఉండేలా చూడండి.

మీ తోటికోడలు రెండేళ్లుగా పుట్టింటికి వెళ్లలేదని మీరు ఎక్కడో ఒక మూల రాశారు, ఎందుకు వెళ్లలేదో మాత్రం రాయలేదు. అత్తగారిని వదిలి కదలలేకనే గదా? వచ్చే నెల పుస్తక చర్చ మళ్లీ మీ ఇంట్లోనే అన్నారు. దానిని ఇంకొకరి ఇంటికి మార్చమని చెప్పి, ఆఫీసులో పది రోజులు సెలవు పెట్టి, ఆవిడను పుట్టింటికి పంపి, ఆ రెండు గదుల ఇంట్లో అత్తగారి దగ్గర మీరు ఉండండి. మీవారు కూడా వస్తే మంచిదే, రాకపోతే మీరు ఆగవద్దు.