ఊ కొట్టేదానికి చోటు పెట్టు పాపా

పాపా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కత రాత్రి చదివినా, పొద్దున లేచి ఇంకోసారి చదివినా. ఆ చెనిక్కాయల చేను, గుట్ట మీద నుంచి దిగే ఎలుగుబంటి, కాపలా ముసలాయన, అన్నీ మన సీమవే, యాడా అరువు తెచ్చినట్టు లేదు, చాలా సంతోషం అయింది. అయితే పైన నిద్రపుచ్చే కథ అని పేరు పెట్టినావు కదా, ఆ మాట పట్టుకునే ఇంత పెద్దగా టైప్ చేస్తాండా, ఎందుకంటే నువ్వు రాసింది పిల్లోళ్ళని మేలుకోబెట్టే కత.

మనకి కత అనే మాట ఒకటే కానీ దాని ముందర ఏం తగిలిస్తే దాని పనే మారిపోతుంది. పొడుపుకతలో అసలు కతే ఉండదు, విప్పమని ఎదుటోళ్ళ మీదికి విసిరే ప్రశ్న అది. బేతాళుడి కతల్లో కూడా చివర్న ప్రశ్నే, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది అంటాడు, అట్లాంటిది విన్న పిల్లోడు ఇంకేం పడుకుంటాడు. కట్టుకత అంటే వాడు అబద్ధం చెప్తాండాడని. పిట్టకత అంటే పెద్ద కత నడుస్తా ఉంటే మధ్యలో వాలి ఎగిరిపోయేది, హరికత చెప్పేవాళ్ళు జనం తూగుతాండారని కనిపెట్టినారంటే చటుక్కున ఒక పిట్టకత తీసేది అందుకే.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తెలుసు కదా, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ అంతకుముందు మా అనంతపురం జిల్లానే, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి తోలుబొమ్మలకి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాట తెల్లారేదాకా ఆడేది. అర్ధరాత్రి దాటినాక రాముడు రావణుడు ఎంత గట్టిగా అరిచినా జనానికి కునుకు పడుతుంది, అప్పుడు తెర మీదికి నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు, తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఊరంతా లేచి కూర్చుంటుంది. నీ ఎలుగుబంటి పేరా పేరాకీ ఒకసారి మీదికి దూకుతాంది చూడు, అది జుట్టుపోలిగాడు చేసే పనే. ఆట రాస్తే అది చాలా మంచి పని. మంచం మీద పిల్లోడికి మాత్రం వద్దు.

మా జేజి ఎండాకాలం మిద్దె మీద ఈతచాప పరిచి ఏడు చేపల కత చెప్పేది. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది, గడ్డిమేటా ఎందుకు అడ్డమొచ్చినావు అంటే ఆవు మేయలేదు, అట్లా పోతానే ఉంటుంది. ప్రశ్న తీరు ఒకటే, పేరు ఒకటే మారేది, మాటకీ మాటకీ మధ్య నేను ఊ అనేదానికి సరిపోయేంత ఖాళీ. నా ఊ సన్నబడే కొద్దీ జేజి గొంతు తగ్గేది, మాట సాగేది. ఊ ఆగిపోతే ఒక్కసారి మెల్లగా పేరు పెట్టి పిలిచేది, పలక్కపోతే యాడున్న కత ఆడనే వదిలేసి దుప్పటి కప్పేది. మరుసటి రోజు మళ్ళా మొదటి నుంచే. కత ఆఖర్న వచ్చే చీమ దాకా నేను ఒక్క రోజు కూడా మేలుకోలేదు, చీమ బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్నదని బడిలో ఇంకో పిల్ల చెప్తే తెలిసింది నాకు!

అందుకే చెప్తాండా, నీ కత బరువంతా ఆఖరి నాలుగు లైన్ల మీద పెట్టినావు, మలుపు అక్కడే, నీతి అక్కడే, అప్పటికి పిల్లోడు నిద్రపోయి ఉంటాడు, చదివే తల్లి ఒక్కతే ఉంటుంది. ఆ నీతి తీసేయ్. ఎలుగుబంటిని మొదట్లోనే ఒక్కసారి రానీ, అది చెనిక్కాయలు తిని కడుపు నిండి గుట్టకి తిరిగి పోయేది నిదానంగా చెప్పు, వంక దాటింది, చింతమాను దాటింది, బండ దాటింది అని.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. నువ్వు వచ్చాడు, చూసింది, అరిచాడు అని పేపర్లో వార్త రాసినట్టు రాసినావు. మన పెద్దోళ్ళు వచ్చినాడంట, చూసినాదంట అనేవాళ్ళు. ఆ అంట అనే చిన్న ముక్క ఎలుగుబంటిని ఎంత దూరం తీసుకుపోతుందో చూడు, అది ఎవరో చెప్పంగా విన్న ఎలుగుబంటి అయిపోతుంది, మంచం కింద ఉండేది కాదు. పిల్లోడికి భయం సగం పోతుంది. పైగా ప్రతి అంట తర్వాత నోరు దానంతట అదే ఊ అంటుంది. బుర్రకతలో తందాన తాన అని వంత పాడేవాళ్ళు ఉంటారే, మంచం మీద చెప్పే కతకి ఆ వంత పిల్లోడే.

నేను కూడా నీ వయసులో ఇదే తప్పు చేసినా. ఒక పత్రికలో నా పిల్లల కత అచ్చయితే మురిసిపోయి మా చెల్లెలి కూతురికి చదివి వినిపిస్తే ఆ పిల్ల ఒక్కసారి కూడా ఊ అనలేదు, పాపం ఎట్లంటుంది, ఒక్కో వాక్యం అయిదు లైన్లు, దూరేదానికి సందే లేదు. చాలా బాధపడినా ఆ రాత్రి.

నువ్వు ఇప్పుడు ఆ కాగితం పక్కన పెట్టి మీ అక్క కొడుక్కి మూడు రాత్రులు నోటితో చెప్పు, ఫోన్‌లో రికార్డ్ పెట్టుకో. వాడు యాడ ఊ అన్నాడు, యాడ ఆ తర్వాత ఏమయింది అని అడిగినాడు, గుర్తు పెట్టుకో, రెండూ ఒకటి కాదు. అడిగినాడంటే కళ్ళు తెరిచే ఉన్నాడని. మొదటి సగంలో అడగనీ. రెండో సగంలో ఇంకా అడుగుతాండాడంటే అక్కడ కత తగ్గించి మాట సాగదీయాలి.

తిరగరాసినాక వాట్సాప్‌లో పంపొద్దు. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చేసి చెప్పు, నేను ఊ కొడతా.

మీ పెద్దమ్మ
అనంతపురం