20 శాతం అంటే 20 శాతమే కలిపింది, తప్పెక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్‌లో డిగ్రీ చేసి ఏడాదిన్నరగా ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో పనిచేస్తోంది. ఒక్కో వస్తువుకు ఉండే సైజులు, రంగులు, రకాలకు విడివిడిగా రేట్లు ఎక్కించడం తన పని. పోయిన నెల రేట్లలో ఏదో తప్పు చేసిందని మేనేజర్ అందరి ముందూ మందలించారట. "20 శాతం లాభం వేయమన్నారు, 20 శాతమే కలిపాను" అంటుంది. తప్పేమిటో నాకూ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే అమ్మాయి ఏం చేస్తోందో చెప్పుకోవడానికే ఇబ్బందిగా ఉంది. ఈ పనంతా రేపు ఏఐ చేసేస్తుందని కూడా అంటున్నారు. మాన్పించి ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. సీట్లు అయిపోతున్నాయి, ఈ వారమే ఫీజు కట్టాలన్నారు. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెప్తాను. ముందు ఆ 20 శాతం సంగతి తేలాలి, మీ ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది కాబట్టి.

1000 పెట్టి కొన్న వస్తువుకు 20 శాతం కలిపితే అమ్మకం ధర 1200. మిగిలేది 200. ఆ 200 కొన్న ధరలో 20 శాతమే, మీ అమ్మాయి లెక్క తప్పు కాదు. కానీ అదే 200ను అమ్మకం ధరతో పోలిస్తే 16.67 శాతం. కొన్న ధర మీద కలిపేది మార్కప్, అమ్మిన ధరలో మిగిలేది మార్జిన్. 20 శాతం మార్జిన్ రావాలంటే 25 శాతం మార్కప్ వేయాలి, అంటే 1250కి అమ్మాలి. ఆ మేనేజర్ మనసులో ఉన్నది మార్జిన్ అయ్యుంటుంది, నోటితో అన్నది లాభం. ఏ ధర మీద 20 శాతమో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. తప్పు ఇద్దరిదీ, తిట్లు మాత్రం ఒక్కరికే పడ్డాయి. ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్నవాళ్లు కూడా ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం నేను చాలాసార్లు విన్నాను.

ఇప్పుడు మీరు 'రేట్లు ఎక్కించడం' అని తేల్చేసిన పని గురించి. 4 సైజులు, 5 రంగులు, 3 రకాల మెటీరియల్ ఉన్న ఒక్క వస్తువుకు 60 వేరియేషన్లు, అంటే విడివిడిగా ధర పెట్టాల్సిన 60 రకాలు వస్తాయి. పెద్ద సైజుకు 10 శాతం, మేలు రకం మెటీరియల్‌కు 20 శాతం ఎక్కువ అని యజమాని చెప్పాడనుకోండి. రెండు శాతాలూ మూల ధర 1000 మీదే వేస్తే 1300. ఒకదాని మీద ఒకటి వేస్తే 1320. ఏది సరైనదో సాఫ్ట్‌వేర్ చెప్పదు. పెద్ద సైజుకు మెటీరియల్ ఎక్కువ పడుతుంది, ఆ మెటీరియలే ఖరీదైనదైతే సైజుతో పాటు ఆ ఖరీదూ పెరుగుతుంది, కాబట్టి ఇక్కడ 1320 సబబు. అదే వస్తువు మీద పేరు చెక్కి ఇవ్వాలంటే? సైజు ఏదైనా చెక్కే కూలి ఒకటే. దానికి శాతం పెట్టకూడదు, ఇంత అని ఒక మొత్తం వేయాలి. రంగు మారినంత మాత్రాన ఖర్చు మారకపోవచ్చు, అయినా ఎక్కువమంది అడిగే రంగుకు కాస్త ఎక్కువ పెట్టాలా అన్నది వ్యాపారం తెలిసినవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. ఇది గుమాస్తా పని అని మీకు ఎవరు చెప్పారో గానీ, వాళ్లు ఆ 60 గళ్ల ముందు ఒక్క పూట కూడా కూర్చుని ఉండరు.

ఆన్‌లైన్ స్టోర్లు నడిపే సాఫ్ట్‌వేర్ల తీరు కూడా ఒక్కలా ఉండదు. వూకామర్స్‌లో ప్రతి వేరియేషన్‌కూ సొంత ధర పెట్టాలి. పెట్టడం మర్చిపోతే ఆ రకం కొనేవాళ్లకు కనిపించదు. అన్నింటికీ ఒకేసారి శాతం పెంచే వీలు ఉంది గానీ, అది అప్పుడున్న ధర మీద పెంచుతుంది. పొరపాటున 10 శాతం రెండుసార్లు వేస్తే 20 కాదు, 21 శాతం పెరుగుతుంది. పోనీ ఒకసారి పెంచిన 10 శాతాన్ని వెనక్కి తీసుకుందామని 10 శాతం తగ్గిస్తే 1000 దగ్గరకు రాదు, 990 దగ్గర ఆగుతుంది. ప్రెస్టాషాప్‌లో, ఓపెన్‌కార్ట్‌లో అయితే మూల ధర ఒకటే ఉంచి, ఒక్కో రకానికి దాని మీద ఎంత ఎక్కువో ఎంత తక్కువో రాస్తారు. షాపిఫైలో మళ్లీ దేని ధర దానిదే.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, మజెంటో. దాని కథ మీరు తప్పక వినాలి. 2008లో వచ్చిన మొదటి వెర్షన్‌లో ఒక వస్తువుకు ఒకే మూల ధర ఉండేది, సైజుకు ఇంత, రంగుకు ఇంత అని దాని మీద కలిపేవాళ్లు. 2015లో రెండో వెర్షన్ వచ్చేసరికి ఆ పద్ధతిని తీసేశారు. ప్రతి రకానికీ విడిగా ధర ఉండాలన్నారు. పాత తెర మీద ఏ గడిలో ఏం నింపాలో మాత్రమే తెలిసినవాళ్లకు నేర్చుకున్నది చేజారింది. ఫలానా సైజుకు ఫలానా మొత్తం ఎందుకు కలుపుతున్నామో తెలిసినవాళ్లు కొత్త తెర అలవాటయ్యేదాకా కష్టపడి, తర్వాత పని కొనసాగించుకున్నారు. మీ అమ్మాయి ఈ రెండు రకాల్లో ఎటు వెళ్తుందన్నదే మీరు పట్టించుకోవాల్సిన ప్రశ్న.

ఏఐ భయం గురించి దాచకుండా చెప్తాను. గళ్లు నింపే పని పోతుంది. నిజానికి దానికి ఏఐ కూడా అక్కర్లేదు, స్ప్రెడ్‌షీట్‌లో లెక్క వేసుకుని సీఎస్‌వీ ఫైల్‌గా (విలువలను కామాలతో విడదీసి రాసే మామూలు ఫైల్) ఒకేసారి ఎక్కించడం ఎప్పటినుంచో ఉంది. మీ అమ్మాయి ఇంకో ఐదేళ్లు ఎవరో ఇచ్చిన అంకెలు ఎక్కిస్తూనే ఉంటే మీ భయం నిజమవుతుంది. కానీ ఏ సైజు అమ్మితే నష్టం వస్తోంది, ఏ రకం వెనక్కి ఎక్కువగా వస్తోంది, తగ్గింపు ఇచ్చాక కూడా మార్జిన్ నిలుస్తుందా అని చూసి, ఆ ధరకు తను జవాబుదారీగా నిలబడే మనిషి అవసరం అంత తేలిగ్గా పోదు. మందలింపు పడిందంటే ఆ జవాబుదారీతనం ఇప్పటికే ఆమె భుజాల మీద ఉందన్నమాట. బాధగానే ఉంటుంది, కాదనను.

ఇక డేటా సైన్స్. ఆ శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది, ఆరు నెలల కోర్సుల మీదే లేదు. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా ఒంటపట్టడానికి సమయం పడుతుంది. ఆరు నెలల్లో వాటి పేర్లు వస్తాయి, కొన్ని పనిముట్లు చేతికొస్తాయి. అలాంటి కోర్సులు చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లను "మీరు చేసిన ప్రాజెక్టులు చూపించండి" అంటే ఎక్కువమంది దగ్గర కనిపించేవి అవే మూడు: టైటానిక్ ఓడలో ఎవరు బతికారు, ఇళ్ల ధరలు ఎంత ఉండొచ్చు, ఐరిస్ పువ్వు ఏ జాతిది. ఆ ఐరిస్ పువ్వుల కొలతలు 1936లో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ప్రచురించినవి, మొత్తం 150 పువ్వులు. పాపం ఆ 150 పువ్వులను ప్రపంచంలో ఇంకా ఎంతమంది కొలుస్తారో! నేర్చుకోవడానికి అవి మంచివే. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని ఎన్నిసార్లు చూసి ఉంటారో ఊహించండి.

మీ అమ్మాయి చేతిలో ఏడాదిన్నరగా ఒక నిజమైన స్టోర్ ఉంది. ఏ రకానికి ధర మారిస్తే అమ్మకాలు ఎలా కదిలాయో ఆమె కళ్ల ముందే జరిగింది. కోర్సులో చేరినవాళ్లకు ఎంత ఫీజు కట్టినా దొరకనిది అదే. రేపు ఆమెకే డేటా సైన్స్ మీద ఇష్టం కలిగితే, ఈ ఉద్యోగంలో ఉంటూనే స్ప్రెడ్‌షీట్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి కావలసిన సమాచారం తీసే భాష), ఆ తర్వాత స్టాటిస్టిక్స్ నేర్చుకోవచ్చు. అప్పుడు నేనే చేరమంటాను.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట ఒకటి. మీ లేఖ రెండుసార్లు చదివాను. మేనేజర్ ఏమన్నారో ఉంది, 'అందరూ' ఏమంటున్నారో ఉంది, కోర్సువాళ్లు ఏం చెప్పారో ఉంది. మీ అమ్మాయి ఏం కావాలంటోందో ఒక్క ముక్క లేదు. తను వివరంగా చెప్పిన ఒకే ఒక్క వాక్యాన్ని కూడా 'ఏదో తప్పు' అని పక్కన పెట్టారు. ఆఫీసులో ఒకరు అందరి ముందూ తిట్టారు, ఇంటికొస్తే మీరు ఉద్యోగమే మానెయ్ అన్నారు. ఇక ఆ పిల్ల ఎక్కడ నోరు విప్పాలి? నలుగురికి చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉందన్నారు చూడండి, మిమ్మల్ని ఈ కోర్సు వైపు తోస్తున్నది అదేనని నా అనుమానం. చెప్పుకోవడానికే అయితే ప్రైసింగ్ అనలిస్ట్, కేటగిరీ మేనేజర్ అనే పేర్లున్న ఉద్యోగాలు ఈ దారిలోనే ముందున్నాయి. అక్కడికి చేరాలంటే రేటు వెనక ఖర్చు తెలియాలి.

అందుకని ఆమె మేనేజర్‌ను ఒకటి అడగాలి: ధరలతో పాటు కొన్న ఖర్చుల షీటు కూడా చూడనివ్వమని. శాతం అని ఎవరు చెప్పినా "దేని మీద?" అని అడిగి, వచ్చిన జవాబును మెయిల్‌లో రాసి పంపాలి. రేట్లు మార్చే ముందు పాత ధరల ఫైలు దించి దాచుకోవాలి. మార్చాక అన్నిటికన్నా తక్కువ ధర, అన్నిటికన్నా ఎక్కువ ధర ఉన్న రకాలను కొనేవాళ్లకు కనిపించే పేజీలో తెరిచి చూడాలి, చిన్న సైజుకన్నా పెద్దది చవకగా కనిపిస్తే అక్కడే దొరికిపోతుంది. ఆరు నెలలు ఇలా చేశాక కూడా ఖర్చులు చూడనివ్వకపోతే, అంకెలు ఎక్కించడం తప్ప ఇంకేమీ ఇవ్వకపోతే, ఆ స్టోర్ మారాలి. పని మారాల్సిన అవసరం అప్పటికీ ఉండకపోవచ్చు.

తప్పు చేశానన్న ఆమె దిగులు గురించి మీరు పెద్దగా టెన్షన్ పడకండి. ఏ తప్పు ఎందుకు జరిగిందో అంకెలతో చెప్పగలిగితే తర్వాతి ఇంటర్వ్యూలో అదే ఆమెకు మంచి జవాబు అవుతుంది. ఈ రాత్రి ఆ 1200, 1250 లెక్క ఆమెనే మీకు కాగితం మీద వేసి చూపించమనండి. మధ్యలో మాట్లాడకండి.

ఈ వారం కట్టాల్సిన ఫీజు కట్టకండి. అయిపోతున్నాయన్న సీట్లు వచ్చే నెల కూడా అలాగే అయిపోతూ ఉంటాయి.