నీళ్లు చింగోలావి, కోర్టు లండన్‌ది

పాఠకుల సందేహాలు: విశాఖపట్నం నుంచి ఒక అడ్వకేటు జవాబులు

ప్రశ్న: లాయరమ్మ గారూ, మా అబ్బాయి ఐటీఐ చేసిన ఎలక్ట్రీషియన్. ఒక కాంట్రాక్టరు తరఫున జాంబియాలో చింగోలా అనే ఊరి దగ్గర రాగి గనిలో పనికి వెళ్లి ఏడాదైంది. గని మురుగు వల్ల నీళ్లు పాడయ్యాయని అక్కడి ఊళ్ల జనం లండన్‌లో కేసు వేసి నెగ్గారట. గని జాంబియాలో, జనం జాంబియాలో, మధ్యలో లండన్ ఎందుకొచ్చింది? కంపెనీ మన దేశంవాళ్లదే అంటాడు వాడు. నాకు ఒకటే టెన్షన్. వెనక్కి వచ్చేయమనాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, రమ్మనాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, అందులో నేను వేలు పెట్టను. కేసు గురించి అడిగారు కాబట్టి ఆపడం కష్టం. ఆ జడ్జిమెంటు ప్రింటు తీసి, జగదాంబ దగ్గర స్పైరల్ బైండింగ్ చేయించుకుని మరీ చదివిన మనిషిని.

చింగోలాలోని న్చాంగా గని కొంకోలా కాపర్ మైన్స్ అనే కంపెనీది. అందులో ఐదో వంతు దాకా జాంబియా ప్రభుత్వ సంస్థది, మిగతాది వేదాంత గ్రూపుది. ఆ గ్రూపు పేరు మీ గాజువాకవాళ్లకు కొత్తేమీ కాదు. 2012లో మూతపడిన మింది జింక్ స్మెల్టర్ కూడా దానిదే. గని నుంచి వచ్చే విషపు మురుగు 2005 నుంచీ తమ వాగుల్లో కలుస్తోందని, తాగే నీళ్లూ పొలాలూ పాడయ్యాయని 1,826 మంది 2015లో లండన్‌లో దావా వేశారు. గని నడిపే కంపెనీ ఒక్కదాని మీదే కాదు, లండన్‌లో ఉన్న తల్లి కంపెనీ మీద కూడా. ‘గనితో మాకు రోజువారీ సంబంధం లేదు, జాంబియాలో వేసుకోండి’ అన్నది తల్లి కంపెనీ వాదన.

2019 ఏప్రిల్ 10న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏమందంటే, మామూలుగా అయితే ఈ కేసు జాంబియాలోనే నడవాలి. కానీ ఇంతమంది పేదవాళ్లు ఇంత పెద్ద కేసు నడపడానికి అక్కడ డబ్బు సాయం లేదు, ఇలాంటివి నడిపిన అనుభవమున్న లాయర్ల బృందమూ లేదు. అక్కడికి పొమ్మంటే న్యాయం లేకుండా పొమ్మన్నట్టే. కాబట్టి ఇక్కడే నడవనివ్వండి అంది. అంటే ‘నెగ్గారు’ అన్న మాట సగమే నిజం. గుమ్మం దాటి లోపలికి రానిచ్చారు, అంతే. అసలు విచారణ జరగకుండానే 2021 జనవరిలో రాజీ అయింది. తప్పు మాది అని కంపెనీలు ఒప్పుకోలేదు.

నాకు నచ్చింది వేరే చోట ఉంది. తల్లి కంపెనీ మెడకు చుట్టుకున్నది అది అచ్చేసుకున్న సొంత రిపోర్టే. ఏటేటా నున్నటి కాగితం మీద పర్యావరణం గురించి రిపోర్టులు వేస్తారు చూడండి, అలాంటిదే. మా గ్రూపులోని గనులన్నిటికీ ప్రమాణాలు మేమే పెడతాం, అవి పాటిస్తున్నారో లేదో మేమే చూస్తాం అని గొప్పగా రాసుకున్నారు. పర్యవేక్షణ మీదే అని మీరే రాసుకున్నాక, బాధ్యత మీ మీద ఉందన్న వాదన వినకుండా ఎలా కొట్టేస్తాం అంది కోర్టు. నేనైతే అలాంటి రిపోర్టు ఏ ఫ్యాక్టరీది కనబడినా ఒక కాపీ దాస్తాను. మా ఇంట్లో అటక నిండా అవే. మా ఆయన గొణుగుతూనే ఉంటారు.

దీనికి ముందు జాంబియాలోనే ఇంకో కేసు నడిచింది. 2006 నవంబరులో అదే గని మురుగు కఫూయె నదిలో కలిసింది. సుమారు 2,000 మంది కోర్టుకెక్కారు. 2011లో హైకోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీది తప్పేనని ఒప్పుకుంది, కానీ పరిహారం మాత్రం డాక్టరు రిపోర్టు చూపించిన 12 మందికే ఇచ్చింది. 2,000లో 12. మిగతావాళ్లు అబద్ధమాడారని కాదు, చేతిలో చీటీ లేదు.

ఇది చదివినప్పుడు నా జూనియర్ రోజులు గుర్తొచ్చాయి. ఒక ముసలాయన మా సీనియర్ దగ్గరికి హార్లిక్స్ సీసాలో నల్లటి నీళ్లు తెచ్చాడు. మూత ఊడకుండా పాలిథిన్ కవర్ చుట్టి, రబ్బరు బ్యాండు వేశాడు. వాళ్ల బావి నీళ్లు. పక్కనున్న ఫ్యాక్టరీ కాలువ వల్లే అని అతని మొర. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. మా సీనియర్ సీసా వంక చూసి, ‘ఏ రోజు తోడావు? తోడుతుంటే ఎవరు చూశారు? సీలు ఎవరేశారు?’ అని మూడు ప్రశ్నలడిగారు. ముసలాయన ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. సీసా మాత్రం చాన్నాళ్లు మా ఆఫీసు కిటికీలో ఉండిపోయింది. అడుగున మడ్డి పేరుకుని, పైన నీళ్లు తేటపడ్డాయి. ఎవరైనా కొత్తగా వచ్చి చూస్తే, బాగానే ఉన్నాయి కదా అనేవాళ్లు!

ఇక మీవాడి సంగతి. పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకోమనండి. కాంట్రాక్టు కాగితం, జీతం స్లిప్పులు ఫొటో తీసి మీకు వాట్సాప్ చేయమనండి. ఇంకొకటి, అందరూ మర్చిపోయేది: ఎలక్ట్రీషియన్ అంటే పంపుల మోటార్లు కూడా చూస్తాడు. రాత్రిపూట కరెంటు ట్రిప్పయి మురుగు పంపు ఆగితే, ఆగిన టైమూ మళ్లీ మొదలైన టైమూ లాగ్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయాలి. సూపర్‌వైజరు ‘పది నిమిషాలని వేసెయ్’ అన్నా సరే, చూసిందే రాయాలి. రేపు ఏదైనా జరిగితే ఆ పేజీ వాగు పక్కనున్న వాళ్లకూ పనికొస్తుంది, మీ అబ్బాయికీ పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను, మాది అనంతగిరి మండలం. ఆఫ్రికాలో ఊరివాళ్లు గని ‘వద్దు’ అంటే ఆగిన సందర్భం ఉందా? మనకు అలాంటి హక్కు ఉందా?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, రెండో ప్రశ్నకు జవాబు మీ మండలంలోనే పుట్టింది. బొర్రా ప్రాంతంలో గిరిజనేతర కంపెనీలకిచ్చిన గని లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో, 1997 జులై 11న మన సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవంది. గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కింద ప్రభుత్వం కూడా ఒక ‘వ్యక్తే’ కాబట్టి, షెడ్యూల్డ్ ప్రాంతంలోని సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తీర్పు. నీకు ఇది తెలియకపోవడం నీ తప్పు కాదులే, పాఠాల్లో చెప్పరు.

ఆఫ్రికాలో అయితే దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని కొలోబేని. మన భీమిలి తీరంలో ఉన్నట్టే అక్కడి ఇసుకలోనూ ఇల్మెనైట్ అనే టైటానియం ఖనిజం ఉంది. ఒక ఆస్ట్రేలియా కంపెనీ తవ్వుతానంది, ఊళ్లు వద్దన్నాయి. 2016 మార్చిలో పోరాట కమిటీ నాయకుణ్ణి కాల్చి చంపారు. అయినా జనం వెనక్కి తగ్గలేదు. 2018 నవంబరులో ప్రిటోరియా హైకోర్టు, ఊరివాళ్లను సంప్రదించాం అంటే చాలదు, అన్నీ తెలిశాక వాళ్లు పూర్తిగా ఒప్పుకుంటేనే గని లైసెన్సు ఇవ్వాలని చెప్పింది. సంప్రదించడం వేరు, ఒప్పుకోవడం వేరు. మీ ఊళ్లో గ్రామసభ జరిగితే ఈ తేడా పట్టుకుని కూర్చో. మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయకముందే, ఖాళీ పేజీ కింద సంతకాలూ వేలిముద్రలూ అడుగుతారు. ముందు రాయమను, రాసింది అందరికీ గట్టిగా చదివి వినిపించు, ఆ తర్వాతే పెన్ను ఇవ్వు.