నెదర్లాండ్స్‌లో మాస్టర్స్ చేసేటప్పుడు వేర్వేరు దేశాల విద్యార్థులతో గ్రూప్ ప్రాజెక్టు రోజు ఎలా గడుస్తుంది?

మీరు సెప్టెంబరులో నెదర్లాండ్స్‌కు మాస్టర్స్ చదవడానికి వెళ్తున్నారని, అక్కడ క్లాసుల కంటే గ్రూప్ వర్క్ ఎక్కువని విన్నారని, ఇంగ్లిష్‌లో గబగబా మాట్లాడలేరు కాబట్టి ఇతర దేశాల వారి మధ్య వెనకబడిపోతారేమోనని భయంగా ఉందని రాశారు. నేను కాకినాడలో బీటెక్ పూర్తి చేసి, డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్ ఇంజినీరింగ్ ప్రధానాంశంగా మాస్టర్స్ చేశాను. మా ఊరు కోనసీమలో ఏటిగట్టుకు దగ్గరగా ఉంటుంది. డెల్ఫ్ట్‌లో నేను చూసినంతలో ఇంగ్లిష్ కారణంగా వెనకబడిన వారు తక్కువ. తమకు బాగా తెలిసిన విషయాన్ని నలుగురి ముందు పెట్టడానికి సంకోచించి వెనకబడిన వారే ఎక్కువ. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ఒక ప్రాజెక్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ముందుగా పని భారం సంగతి. డెల్ఫ్ట్‌లో విద్యాసంవత్సరం నాలుగు క్వార్టర్లుగా ఉంటుంది, ఒక్కొక్కటి సుమారు పది వారాలు. నెదర్లాండ్స్‌లో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టవలసిన 28 గంటల శ్రమ. కాబట్టి 5 క్రెడిట్ల కోర్సుకు 140 గంటలు, అందులో ఐదుగురి గ్రూపు ఉంటే మొత్తం 700 గంటల పని అని లెక్క. అధ్యాపకులు ప్రాజెక్టును నిజంగానే ఈ లెక్కతోనే తయారు చేస్తారు. మనకు బీటెక్‌లో అలవాటైనట్టు ఒకరిద్దరు చేసి మిగతావారు పేర్లు చేర్చుకుంటే పూర్తయ్యే పని అది కాదు.

మా గ్రూపులో ఐదుగురం. నెదర్లాండ్స్‌లోని జీలాండ్ నుంచి వచ్చిన అమ్మాయి, ఇండోనేషియాలోని సెమరాంగ్ నుంచి ఒక అబ్బాయి, వియత్నాంలోని కాన్‌థో నుంచి ఒక అమ్మాయి, గ్రీసు నుంచి ఒక అబ్బాయి, నేను. ఐరోపాకు వెలుపల ఉన్న ఒక డెల్టాను ఎంచుకుని, అక్కడ వరద నష్టాన్ని తగ్గించే ప్రణాళికను తయారు చేయాలన్నది పని. కొంత చర్చ జరిగాక గోదావరి డెల్టాను ఎంచుకున్నాం.

అలాంటి రోజు ఉదయం సరిగ్గా తొమ్మిదికి మొదలవుతుంది. తొమ్మిది అంటే తొమ్మిదే, ఐదు నిమిషాలు ఆలస్యమవుతుందనుకుంటే ముందే మెసేజ్ పెట్టడం అక్కడి మర్యాద. ఏ విషయాలు ఏ వరుసలో చర్చించాలో ముందు రోజే రాసి పంపుతారు. సమావేశాన్ని నడిపించే బాధ్యత, జరిగినదాన్ని రాసిపెట్టే బాధ్యత వారం వారం చేతులు మారుతాయి. మొదట్లో ఇదంతా ఆఫీసు తంతులా అనిపించినా, భాషలో తడబడే వారికి ఇంత మేలు చేసే పద్ధతి మరొకటి లేదని నా నమ్మకం. ఏం మాట్లాడబోతున్నారో ముందు రాత్రే తెలిస్తే, చెప్పదలచుకున్నది నాలుగు వాక్యాల్లో రాసుకుని వెళ్లవచ్చు.

ఆ రోజు ఎజెండాలో మొదటి అంశం, ఎంత వరదను దృష్టిలో పెట్టుకుని లెక్కలు వేయాలన్నది. ధవళేశ్వరం వద్ద 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని మనకు తెలుసు. దాన్ని వారికి అలవాటైన కొలమానంలోకి మార్చి, సెకనుకు సుమారు 99,000 ఘనపు మీటర్లు అని పట్టికలో రాశాను. జీలాండ్ అమ్మాయి దాన్ని చూసి, ఒక సున్నా ఎక్కువ పడిందేమో చూడమని నెమ్మదిగా అడిగింది. గ్రీసు అబ్బాయి కూడా అది టైపింగ్ పొరపాటే అన్నాడు. వారి అనుమానానికి కారణం ఉంది. రైన్ నది నెదర్లాండ్స్‌లోకి ప్రవేశించే లోబిత్ దగ్గర సగటు ప్రవాహం సెకనుకు 2,200 ఘనపు మీటర్ల చుట్టూ ఉంటుంది. 1995లో అది దాదాపు 12,000కు చేరినప్పుడు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. నేను రాసిన అంకె దానికి ఎనిమిది రెట్లు. పైగా గోదావరి పరీవాహక ప్రాంతం రైన్ పరీవాహక ప్రాంతానికి రెండింతలు కూడా ఉండదు.

అప్పుడు గట్టిగా వాదించాలనే ఆలోచన పెట్టుకోకుండా కాగితం తీసుకుని బొమ్మ వేశాను. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎక్కడ కలుస్తాయో చూపించాను. ఏడాది వానలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుందని, బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి పడమరకు కదిలితే ఈ ఉపనదులన్నీ ఒకేసారి పొంగుతాయని, అదే నది వేసవిలో ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారుతుందని చెప్పాను. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఎగరవేస్తారని వివరించాను. నా వాక్యాల్లో వ్యాకరణ దోషాలు లేకపోలేదు. అయినా ఒక్కరూ మధ్యలో అడ్డుకోలేదు. ఆ గదిలో ఆ నదిని చూసినవారు నేను తప్ప మరెవరూ లేరు. అరగంట తర్వాత ఆ అంకె పట్టికలో అలాగే ఉండిపోయింది. దాని కింద, అది ఎందుకు నిజమో తెలిపే చిన్న పేరాను గ్రీసు అబ్బాయే రాశాడు.

మీరు భయపడుతున్న ఇంగ్లిష్ విషయంలో నేను చెప్పగలిగినది ఇదే. సరళమైన వాక్యం, ఒక అంకె, ఒక బొమ్మ ఉంటే పని జరుగుతుంది. ఆ ఐదుగురిలో ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు ఒక్కరూ లేరు.

తర్వాతి అంశం మీద మాత్రం చాలాసేపు ఏకాభిప్రాయం కుదరలేదు. నెదర్లాండ్స్‌లోని సెంట్రల్ హాలండ్ సముద్రతీరాన్ని కాపాడే కట్టలకు, ఆ దేశాన్ని ముంచిన 1953 ఉప్పెన తర్వాత పెట్టుకున్న ప్రమాణం, ఏడాదిలో పదివేలలో ఒక వంతు అవకాశం ఉన్న, అంటే సగటున పదివేల ఏళ్లకోసారి వచ్చే తుఫానును కూడా తట్టుకోవాలని. మన దేశంలో ఏటిగట్లకు సాధారణంగా అనుసరించే మార్గదర్శకం ప్రకారం, పంటభూములకైతే 25 ఏళ్లకోసారి వచ్చే వరద, పట్టణాలకైతే 100 ఏళ్లకోసారి వచ్చే వరదను తట్టుకుంటే చాలు. ఈ తేడా వినగానే, కోనసీమ ప్రజల ప్రాణాలకు అంత తక్కువ విలువ కడతారా అని జీలాండ్ అమ్మాయి సూటిగా అడిగింది. డచ్చి వారు మనసులో ఉన్నది ఉన్నట్టుగా అడుగుతారు, దాన్ని అవమానంగా తీసుకోనవసరం లేదు. గట్టును ఎంత ఎత్తు పెంచినా దాని ఖర్చు, దాని కోసం తీసుకోవలసిన భూమి, ఏటా దాన్ని కాచుకునే వ్యవస్థ కూడా లెక్కలోకి వస్తాయని నేను జవాబిచ్చాను. ఆ జవాబు ఆమెకు పూర్తిగా నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా తృప్తినివ్వలేదు. ఆ అసంతృప్తిని అలాగే రిపోర్టులో చర్చాంశంగా పెట్టాలని నిర్ణయించుకున్నాం. రిపోర్టు మొత్తంలో మంచి భాగం అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

మధ్యాహ్న భోజనం అక్కడ చాలా క్లుప్తంగా ముగుస్తుంది. డచ్చి విద్యార్థులు ఇంటి నుంచి తెచ్చుకున్న బ్రెడ్డు, చీజు తిని అరగంటలో లేస్తారు. మనం అన్నం డబ్బా తెచ్చుకుంటే మైక్రోవేవ్ దగ్గర వరుసలో నిలబడాలి. ఆ అరగంటను మాత్రం వదులుకోకండి. ఆ రోజు భోజనం దగ్గరే జీలాండ్ అమ్మాయి తన అమ్మమ్మ సంగతి చెప్పింది. 1953 జనవరి 31 రాత్రి కట్టలు తెగినప్పుడు ఆమె చిన్నపిల్ల. తెల్లవారేదాకా అటక మీద కూర్చుని ఉన్నారట. ఆ ఉప్పెనలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. నేను 1996 నవంబరు 6 నాటి తుఫాను గురించి చెప్పాను. మా జిల్లాలో అప్పుడు కూలిపోయిన కొబ్బరి తోటల గురించి, వెయ్యిమందికి పైగా పోయిన ప్రాణాల గురించి, మా అమ్మ ఆ రాత్రిని ఇప్పటికీ ఎలా తలుచుకుంటుందో చెప్పాను. కాన్‌థో అమ్మాయి, సెమరాంగ్ అబ్బాయి తమ ఊళ్ల గురించి చెప్పారు. అప్పటిదాకా మా మాటల్లో గోదావరి వరద ఒక్కటే ఉంది. ఆ భోజనం తర్వాత సముద్రం వైపు నుంచి వచ్చే ప్రమాదాన్ని కూడా ప్రణాళికలో చేర్చాం.

మధ్యాహ్నం పని ఆ మాటల మీదే నడిచింది. తన దేశపు ఉత్తర జావా తీరంలో నేల కుంగిపోతున్నదని, సముద్రమట్టం పెరగడం కంటే అక్కడ అదే పెద్ద సమస్య అయిందని సెమరాంగ్ అబ్బాయి చెప్పి, కుంగే నేలను తిరిగి నింపే ఒండ్రు మీ డెల్టాకు ఇంకా చేరుతోందా అని అడిగాడు. ఎగువన ఆనకట్టలు కట్టాక చేరే ఒండ్రు తగ్గిందన్న సంగతి నాకు తెలుసు గాని, దాన్ని గట్టు ఎత్తుతో ముడిపెట్టి ఆలోచించడం అతని వల్లే సాధ్యమైంది. తమ ఊరున్న మెకాంగ్ డెల్టాలో ఉప్పునీరు లోపలికి చొచ్చుకువచ్చి వరి పాడవుతున్న తీరును కాన్‌థో అమ్మాయి వివరించింది. అప్పుడు నేను కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించిన సంగతి చెప్పాను. గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు, పూడిపోయిన మురుగు కాల్వల వల్ల పొలాలు ముంపుకు గురవడం కూడా వారి బాధల్లో ఒకటి. సముద్రపు పోటు సమయంలో డ్రెయిన్ల నీరు బయటికి పోలేక వెనక్కి తన్నుతుంది. దీంతో ప్రణాళికలో గట్టు ఎత్తుకు ఇచ్చిన ప్రాధాన్యం తగ్గి, డ్రెయిన్ల పూడికతీతకు, సముద్రంలో కలిసే చోట తలుపులకు పెరిగింది.

లంక గ్రామాల మీద జరిగిన చర్చ మరీ విలువైనది. ఏటిగట్టుకు లోపలి వైపు, నది మధ్యలోనే జనం ఉంటారంటే, వారిని అక్కడి నుంచి తరలించరేమని అందరూ అడిగారు. ఒండ్రు మట్టిలో పండే అరటి, కూరగాయలు, కొబ్బరి వదులుకుని ఎవరూ కదలరని, తరతరాలుగా వారి బతుకు అదేనని చెప్పాను. జీలాండ్ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి ఓవర్‌డీప్సె పోల్డర్ సంగతి చెప్పింది. పోల్డర్ అంటే చుట్టూ కట్టలు వేసి కాపాడుకునే పల్లపు నేల. నదికి చోటు వదలాలన్న కార్యక్రమంలో భాగంగా అక్కడ కట్టను వెనక్కి జరిపారు. వెళ్లిపోవడం ఇష్టంలేని రైతులు, ఎత్తయిన మట్టి దిబ్బలు వేసి వాటి మీద తమ ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టుకుంటామని తామే ప్రతిపాదించారు. ప్రభుత్వం దాన్ని అంగీకరించింది. లంకల్లో పశువులతో సహా ఎక్కగలిగే ఎత్తయిన దిబ్బలు వేయాలన్న మా ప్రతిపాదన అక్కడి నుంచే వచ్చింది. వరదలో లంక రైతు పడవ ఎక్కడానికి వెనకాడేది పశువుల కోసమేనని నేను చెప్పకపోతే ఆ ప్రతిపాదనలో పశువులు ఉండేవి కావు. అంతకుముందు ఆమె పోల్డర్ గురించి చెప్పి ఉండకపోతే ఆ ప్రతిపాదనే ఉండేది కాదు.

ఇక మౌనం గురించి ఒక హెచ్చరిక. ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనని డచ్చి వారు, గ్రీకులు అనుకుంటారు. మన వైపు, ఇండోనేషియా, వియత్నాం వైపు కూడా, పెద్దగా ఇష్టం లేకపోయినా మర్యాద కోసం ఊరుకునే అలవాటు ఉంది. మా గ్రూపులో దీన్ని సరిచేసింది ఒక చిన్న పద్ధతి. ప్రతి ముఖ్యమైన నిర్ణయానికి ముందు అందరూ ఐదు నిమిషాలు నోరు మెదపకుండా తమ అభిప్రాయాన్ని స్టికీ నోట్ మీద రాసి గోడకు అంటించేవారు. సెమరాంగ్ అబ్బాయి రాసినవి తరచుగా అన్నిటికంటే లోతుగా ఉండేవి. మీ గ్రూపులో ఈ పద్ధతి లేకపోతే మీరే ప్రతిపాదించండి, ఎవరూ కాదనరు.

సాయంత్రం ఐదు దాటితే డచ్చి విద్యార్థులు ఇంటికి వెళ్తారు, ఆరింటికి వారి రాత్రి భోజనం. మనకు రాత్రిపూట పనిచేసే అలవాటు ఎక్కువ కాబట్టి, ఏ భాగం ఎవరిది, ఏ రోజు ఎన్ని గంటలకు అందాలి అన్నది స్పష్టంగా రాసుకోవడం అవసరం. అర్ధరాత్రి వాట్సాప్‌లో మార్పులు పంపి తెల్లారేసరికి అందరూ చూసి ఉంటారని ఆశించకూడదు. ఆదివారాలు కూడా అంతే.

మార్కుల విషయంలో ముందే మనసును సిద్ధం చేసుకోండి. అక్కడ 10కి లెక్క, 6 వస్తే పాస్, 8 అంటే నిజంగా బాగా చేసినట్టు, 9, 10 అరుదు. మన దగ్గర డిస్టింక్షన్ తెచ్చుకున్నవారు 7 చూసి కుంగిపోవడం నేను చూశాను, అది అనవసరం. చాలా ప్రాజెక్టుల్లో సభ్యులు ఒకరి పనిని మరొకరు అంచనా వేసే పత్రం కూడా నింపాలి. అందులో స్నేహం కోసం అందరికీ సమానంగా రాసేయకండి. పని చేయని సభ్యుడి గురించి ముందు అతనితోనే మాట్లాడి, మారకపోతే మూడో నాలుగో వారంలోనే ట్యూటర్‌కు చెప్పడం అక్కడ చాడీగా భావించరు. చివరి వారంలో చెబితే మాత్రం ఎందుకు ఆగారని అడుగుతారు.

మీ సబ్జెక్టు ఏమిటో రాయలేదు. ఏదైనా సరే, బయలుదేరే ముందు మీ ప్రాంతానికి సంబంధించిన సమాచారం కొంత సేకరించుకుని వెళ్లండి. జలవనరులైతే ఇండియా-వ్రిస్ పోర్టల్‌లో నదుల గణాంకాలు దొరుకుతాయి. వ్యవసాయమైతే మీ మండలంలో ఏ కాల్వ కింద ఏ పంట ఎప్పుడు వేస్తారో, రైతుకు ఎకరాకు ఏమి మిగులుతుందో పెద్దవారిని అడిగి రాసుకోండి. కొలతలను మెట్రిక్‌లోకి మార్చిన పట్టికను కూడా ఇక్కడే తయారు చేసుకోండి. ఎకరాలు, అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు అక్కడ ఎవరికీ అర్థం కావు, సమావేశం మధ్యలో వాటిని మార్చుకుంటూ కూర్చుంటే చెప్పవలసిన మాట వెనకబడిపోతుంది.