శరీరంలోకి చేరామని బ్యాక్టీరియాకు ఎలా తెలుస్తుంది?

మెదడు లేని బ్యాక్టీరియాకు పేగులోకి వచ్చామని ఎలా తెలుస్తుంది, విరులెన్స్ జన్యువులు (రోగం తెప్పించే జన్యువులు) ఎప్పుడూ ఆన్‌లోనే ఎందుకు ఉండవు అని కదా మీరు అడిగింది. తిరుపతిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టుకు నేను షిగెల్లా అనే జిగట విరేచనాల బ్యాక్టీరియాతో పనిచేశాను. దాన్నిబట్టే చెబుతాను.

కాంగో రెడ్ అనే ఎర్ర రంగు కలిపిన అగార్ ప్లేట్ల (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లేల) మీద ఒకే కల్చర్‌ను గీసి ఒకటి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, ఇంకోటి 30 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టేవాళ్లం. మర్నాటికి 37లోవి ఎర్రటి కాలనీలు, 30లోవి తెల్లటివి. కణంలోకి చొరబడే సరంజామా తయారైన బ్యాక్టీరియానే ఆ రంగును పట్టుకుంటుంది.

ఆ సరంజామా జన్యువుల్లో చాలావరకు సుమారు 220 కిలోబేసుల (2,20,000 డీఎన్‌ఏ అక్షరాల) ప్లాస్మిడ్ మీద, అంటే ప్రధాన క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయం మీద ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు విర్‌ఎఫ్ జన్యువు ముందుభాగం వంగి ఉంటుంది, హెచ్‌-ఎన్‌ఎస్ అనే ప్రోటీన్ దాన్ని అణిచిపెడుతుంది. సుమారు 32 డిగ్రీలు దాటితే ఆ వంపు సడలి, హెచ్‌-ఎన్‌ఎస్ పట్టు జారుతుంది. విర్‌ఎఫ్ ప్రోటీన్ వచ్చి విర్‌బి అనే ఇంకో జన్యువును లేపుతుంది, విర్‌బి మిగతా జన్యువుల మీది అడ్డు తొలగిస్తుంది. వేడిని పసిగట్టేది డీఎన్‌ఏ వంపే, మెదడుతో పనేముంది?

మే నెలలో మన ఊళ్లో బయటే 40 దాటుతుంది కదా, మరి అప్పుడు షిగెల్లా మోసపోదా అని మా గైడ్ మేడమ్‌ను అడిగాను. ఆవిడ నవ్వి, వేడికి కణంలోకి ప్రోటీన్లను ఎక్కించే సూదిలాంటి పరికరం మాత్రమే తయారవుతుంది, అది పనిచేయాలంటే పేగు కణం తగలాలి అన్నారు. తగిలాక మొదటి విడత ప్రోటీన్లు బయటికి పోతాయి. లోపల వాటిని అంటిపెట్టుకుని ఉన్న ఐపీజీసీ అనే ప్రోటీన్ ఖాళీ అయి, ఎంఎక్స్ఐఈ అనే ఇంకో ప్రోటీన్‌తో చేరి రెండో విడత జన్యువులను ఆన్ చేస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

ఎప్పుడూ ఆన్‌లో ఎందుకు ఉండవన్నదానికీ జవాబు ఆ ప్లేట్లలోనే ఉంది. 37లో పదేపదే సబ్‌కల్చర్ చేస్తే (కొత్త ప్లేటుకు మార్చి పెంచితే) ఎర్రవాటి మధ్య తెల్లవి మొలిచేవి. అవి ప్లాస్మిడ్‌నో, అందులోని కీలక జన్యువులనో పోగొట్టుకున్నవి. ఆ జన్యువులను నడిపే బరువు లేదు కాబట్టి గబగబా పెరిగి మిగతావాటిని మించిపోతాయి. అందుకే ప్రతిసారీ ఎర్ర కాలనీనే ఏరి గ్లిసరాల్ స్టాక్ (గడ్డకట్టించి దాచే నమూనా) పెట్టేవాళ్లం.

అన్ని బ్యాక్టీరియాలూ వేడినే చూడవు. సాల్మొనెల్లాలో ఫోక్యూ అనే ప్రోటీన్ మెగ్నీషియం కొరతను, మాక్రోఫేజ్ (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణం) లోపలి ఆమ్లతను పసిగడుతుంది.

ఈ ప్రయోగం సరదాకు కాలేజీ ల్యాబ్‌లో మొదలుపెట్టకండి. షిగెల్లా కణాలు 10 నుంచి 100 కడుపులోకి పోయినా చాలు, జిగట విరేచనాలు పట్టుకోవచ్చు.