వెటర్నరీనా, గైడ్ డాగ్ ట్రైనింగా: గుంటూరు నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. చూపు లేనివాళ్ళకి దారి చూపించే కుక్కలుంటాయి కదా, వాటికి ట్రైనింగ్ ఇచ్చే పని నేర్చుకుంటానంటోంది. మేము బీవీఎస్సీ, అంటే పశువుల డాక్టరు కోర్సు, చెయ్యమంటున్నాం. రెండిట్లో ఏది మంచిదో చెప్పండి. దానికి లోకం తెలీదండి, ఇప్పటికీ అన్నం కలిపి పెడితేనే తింటుంది, ట్యూషన్‌కి నేనే దింపి నేనే తీసుకొస్తాను. బయటికి పంపిస్తే ఎలా బతుకుతుందో అని నిద్ర పట్టట్లేదు.

జవాబు:

అమ్మా, ఏ కోర్సు మంచిదని మీరు అడిగింది ఒక్క ముక్కలో, మిగతాదంతా పిల్ల ఎలా బతుకుతుందనే. ఇలాంటి ఉత్తరాలు నాకు వారం వారం వస్తూనే ఉంటాయి, కోర్సు పేరు మారుతుంది అంతే, భయం మాత్రం ఒక్కటే. అందుకని ముందు ఆ భయం సంగతి చూద్దాం, అదీ మీ అమ్మాయికి ఇష్టమైన కుక్కల కథలోంచే చెప్తాను.

అమెరికాలో న్యూజెర్సీలో ది సీయింగ్ ఐ అని ఒక గైడ్ డాగ్ స్కూలుంది, 1929లో పెట్టారు. అక్కడ ఎమిలీ బ్రే అనే పరిశోధకురాలు, ఆవిడ టీమ్ కలిసి 98 కుక్కపిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి ట్రైనింగ్ రిజల్ట్ వచ్చేదాకా గమనించారు, 2017లో ఆ స్టడీ బయటికొచ్చింది. తల్లి కుక్క పడుకుని పాలిస్తే పిల్లలకి కష్టమేం లేదు, నోటికి అందుతాయి. నిలబడో కూర్చునో ఇచ్చిందనుకోండి, పిల్ల మెడ చాచాలి, కాళ్ళు నిలదొక్కుకోవాలి, జారిపడితే మళ్ళీ లేవాలి. అలా కాస్త కష్టపడి పాలు తాగిన పిల్లలే పెద్దయ్యాక ఎక్కువగా పాసయ్యాయి. తల్లి అస్తమానం ఒళ్ళు నాకుతూ పక్కనే అంటిపెట్టుకుని ఉన్న పిల్లలు ఎక్కువగా ఫెయిలయ్యాయి. ఆ తల్లులూ ప్రేమ తక్కువైన తల్లులేం కాదమ్మా, పాలు అందరూ ఇచ్చారు, ఇచ్చే తీరులోనే తేడా.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే సగం చెప్పినట్టవుతుంది. స్వీడన్ మిలిటరీ కుక్కల మీద 2016లో వచ్చిన స్టడీలో తల్లి ఎక్కువ చూసుకున్న పిల్లలే చురుగ్గా, కలివిడిగా తేలాయి. కాబట్టి రేపట్నుంచి పిల్లని గాలికొదిలేయమని నేను అనట్లేదు.

ఆ 98 కుక్కలకి పెద్దయ్యాక పరీక్షలు కూడా పెట్టారు. కొత్త వస్తువు కనబడగానే గబుక్కున మొరిగినవి, ఒక పద్ధతి పనిచెయ్యకపోయినా మళ్ళీ మళ్ళీ అదే చేసినవి ట్రైనింగ్‌లో ఎక్కువగా ఫెయిలయ్యాయి. అంటే కొత్తదాని ముందు కంగారు పడకుండా ఉండటం, తప్పయితే దారి మార్చుకోవడం, ఇవి కావాలి. అందుకే ఈ స్కూళ్ళు పిల్లల్ని రెండు నెలల వయసులోనే వాలంటీర్ల ఇళ్ళకి ఇచ్చేస్తాయి. వాళ్ళు బస్సులు, షాపులు, జనం, అన్నీ తిప్పి చూపించి ఏడాది పైన పెంచి అప్పుడు ట్రైనింగ్‌కి పంపిస్తారు.

అసలు పనేంటో తెలుసా? కుక్క సిగ్నల్ లైట్ చూసి దాటించదు. చూపు లేని మనిషే ట్రాఫిక్ చప్పుడు విని ‘పద’ అంటాడు, బండి వస్తుంటే కుక్క కదలదు. యజమాని చెప్పినా కదలదు, అలా మాట వినకపోవడం కూడా దానికి నేర్పిస్తారు. మీరు గీసిన గీత దాటని పిల్ల కుక్కకి ఇలాంటిది ఎలా నేర్పగలదమ్మా?

కోపం తెచ్చుకోకండి, చూసిందే చెప్తున్నా. కిందటి నెల ఒక అబ్బాయి వచ్చాడు, వాళ్ళమ్మగారూ వచ్చారు, నీకేం ఇష్టం నాన్నా అని అడిగితే వాడు అమ్మ మొహం చూశాడు, ఫామ్ ఇస్తే పెన్ను ఆవిడే తీసుకుని వాడి పుట్టినరోజు దగ్గర్నుంచి హాబీల దాకా రాసేశారు, సంతకం దగ్గర మాత్రం వాడికిచ్చారు. పదిహేడేళ్ళ పిల్లవాడు. మీ ఉత్తరంలో కూడా ‘దానికి లోకం తెలీదు’ అని ఉంది, అమ్మాయి తన చేత్తో రాసిన మాట ఒక్కటీ లేదు. తనే ఎందుకు రాయలేదు నాకు?

ఇక గైడ్ డాగ్ ట్రైనర్ సంగతి. నాకు ఇందులో అనుమానాలున్నాయి, దాచను. రీల్స్‌లో బంగారు రంగు కుక్కా, పచ్చగడ్డీ కనిపిస్తాయి. రోజూ మైళ్ళకి మైళ్ళు నడవడం, కెన్నెల్ కడగడం, కొత్తగా చూపు పోయి కుంగిపోయిన మనిషికి ఓపిగ్గా నేర్పడం, ఇవి కనిపించవు. ఈ పని స్కూల్లో అప్రెంటిస్‌గా చేరి కొన్నేళ్ళు చేస్తేనే వస్తుంది. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ అమ్మేవాళ్ళకి దయచేసి ఒక్క రూపాయి కట్టకండి. మన బెజవాడ ఏలూరు రోడ్డు చూడండి, ఫుట్‌పాత్ మీద బైకులు, సందు సందుకీ వీధికుక్కలు, ఇక్కడ గైడ్ డాగ్ నడవడమే కష్టం, కాబట్టి ఉద్యోగం దూరదేశంలోనే వెతుక్కోవాలి.

బీవీఎస్సీ ఐదున్నరేళ్ళు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి. చేతిలో డిగ్రీ ఉంటుంది, గవర్నమెంటు ఉద్యోగానికీ సొంత క్లినిక్‌కీ పనికొస్తుంది, తర్వాత జంతువుల ప్రవర్తన వైపు చదువుకోవచ్చు. కానీ కుక్కలంటే ఇష్టపడి చేరిన పిల్ల అక్కడ చాలా టైము గేదెలతో, కోళ్ళతో గడపాలి, అది ముందే తెలియాలి. నన్నడిగితే ముందు బీవీఎస్సీ, సెలవుల్లో ఏదైనా జంతువుల షెల్టర్లో పని. అయినా నిర్ణయం అమ్మాయిది.

ఒకవేళ ఫెయిలైతే అంటారా? ఆ స్కూళ్ళలో ట్రైనింగ్ పాసవని కుక్కలు చాలానే ఉంటాయి, వాటిని ఫెయిల్ అనరు, ‘కెరీర్ ఛేంజ్’ కుక్కలంటారు. కొన్ని వాసన పట్టే పనికి వెళ్తాయి, కొన్ని ఇళ్ళల్లో హాయిగా ఉంటాయి. మీ పిల్ల పదిహేడేళ్ళకే అయిపోలేదమ్మా, దారి మార్చుకోవడానికి బోలెడంత టైముంది. ధైర్యంగా ఉండండి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది కదా, ఈసారి సెలవు చూసి అమ్మాయిని అక్కడికి పంపించండి, ఒక్కదాన్నే, లేదా ఫ్రెండ్‌తో. గుంటూరులో బస్సెక్కి బెజవాడలో దిగి గన్నవరం సిటీ బస్సు ఎక్కడాగుతుందో తనే కనుక్కోవాలి. అక్కడి స్టూడెంట్లతో మాట్లాడి రమ్మనండి. దారిలో మీరు ఫోన్ చెయ్యొద్దు, చేరాక తనే చేస్తుంది. తిరిగొచ్చాక నాకు రాయమనండి, తన చేత్తో.